కర్నూల్లో మాట్లాడే థెరపీకి పోయినా, నా రివ్యూ

మా నాయన పోయినాక ఎనిమిది నెలలు నిద్ర లేదు, అన్నం రుచి లేదు, పొద్దున షాపు షట్టర్ ఎత్తేదానికి కూడా మనసొచ్చేది కాదు, డాక్టర్ డిప్రెషన్ అని మందులు రాసి, దాంతోపాటు ఈ థెరపీకి కూడా పొమ్మన్నాడు. కొండారెడ్డి బురుజు కాడ ఆటో దిగి కొంచెం నడవాల, మేడ మీద చిన్న రూము. వారానికొకసారి, మొత్తం 14 సార్లు పోయినా.

దీన్ని ఇంటర్‌పర్సనల్ థెరపీ అంటారు, 1970ల్లో అమెరికాలో క్లెర్‌మన్, వైస్‌మన్ వాళ్ళు తయారుచేసింది, మామూలుగా 12 నుంచి 16 వారాలు. చిన్నప్పటివన్నీ తవ్వరు. దగ్గరోళ్ళు చనిపోవడం, మనవాళ్ళతో గొడవలు, జీవితంలో పెద్ద మార్పు, ఒంటరితనం, ఈ నాలుగింట్లో మన బాధ దేనికి ముడిపడిందో చూస్తారు. నాకు రెండున్నాయి: నాయన పోయింది, ఆస్తి గొడవతో అన్నతో మాటల్లేకపోవడం.

థెరపీ చేసే మేడం మొదట్లోనే తెల్ల కాగితం ఇచ్చి, నడిమధ్య నా పేరు, చుట్టూ నావాళ్ళ పేర్లు రాయమనింది. అన్న పేరు కాడ పెన్ను ఆగిపోయింది. ఆయనకి ఫోన్ చేస్తే ఏమంటానో ఆమె ముందే నాలుగైదుసార్లు చెప్పించింది, పదో వారం చేసినా. "తిన్నావా రా" అన్నాడు, అంతే, ఇద్దరం ఏడ్చినాం.

పక్క రూము మాటలు వినిపిస్తాయి, అది మాత్రం కచ్చితంగా మార్చాల. మందుల సంగతి మేడం డాక్టర్‌నే అడగమనింది, అది బాగా నచ్చింది. డబ్బులు కష్టమైనోళ్ళు మనసు బాధలకి గవర్నమెంటు పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు.