తొమ్మిదేళ్ల స్పీకర్లు, పన్నెండు బై పది గది

"ఏటి బావా, పాట నూతిలోంచి వస్తన్నట్టుంది?" అన్నాడు మా బావమరిది, కొత్త స్పీకర్లు విన్న మొదటి రోజే. వాడికి సిరిమాను పండగ బాక్సుల మోత తప్ప ఇంకేదీ ఆనదు కదా అని అప్పుడు కొట్టిపారేశాను. ఆర్నెల్ల తరవాత ఒప్పుకున్నాను, వాడన్నది నిజమే.

2016లో విశాఖపట్నం వెళ్లి కొన్నాను. ఇంగ్లీషు కంపెనీవి, జత ముప్పై వేల లోపు. బేసు, అంటే కింది స్వరాలు, పలకడానికి అయిదంగుళాల ఊఫర్, పై స్వరాలకి అంగుళం సిల్కు డోమ్ ట్వీటర్, బేసు పెంచడానికి గాలి గొట్టం వెనకవైపు. సెన్సిటివిటీ, అంటే పోసిన కరెంటుకి ఎంత మోత వస్తుందన్న లెక్క, 86 డెసిబెల్స్. కాస్త మొద్దు పెట్టెలే. 89 ఉన్న పెట్టె చేసేంత మోత చెయ్యాలంటే వీటికి రెట్టింపు వాట్లు పొయ్యాలి. కంపెనీ పేరు రాయను. ఈ తొమ్మిదేళ్లలో వాటిని తిట్టిన తిట్లలో సగం పైగా మా గదికి తగలాల్సినవి.

విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర పాత ఇల్లు మాది. ముందుగది పొడవు 12 అడుగులు, వెడల్పు 10, ఎత్తు కూడా 10. ఇటుక గోడ, సిమెంటు పూత, పైన శ్లాబు, కింద టైల్స్. గోడలో సిమెంటు గూళ్లు ఉన్నాయి, చక్కగా పడతాయని వాటిలో పెట్టేశాను. తప్పంతా అక్కడే. 100 హెర్ట్జ్, అంటే సెకనుకి వందసార్లు ఊగే ధ్వని, దాని అల పొడవు దాదాపు మూడున్నర మీటర్లు. అడుగెత్తు పెట్టె దాన్ని ముందుకే తోలలేదు, అది చుట్టూ పాకుతుంది. వెనక గోడ ఉంటే తిరిగొచ్చి ముందుదానితో కలిసి లావెక్కుతుంది. గూట్లో అయితే పక్కలూ, పైనా, కిందా గోడలే. నుయ్యి కాక ఇంకేమవుతుంది!

వెల్డింగు షాపులో ఇనప స్టాండ్లు చేయించి, వాటి కాళ్ల గొట్టాల్లో ఎండబెట్టిన చంపావతి ఇసక పోశాను. ట్వీటర్ సరిగ్గా చెవి ఎత్తుకి వచ్చేలా కొలిచి కోయించాను. నెట్‌లో అందరూ చెప్పేదే కదా అని గోడకి మీటరు ముందుకి లాగాను. "నడవడానికి దారేదిరా?" అని అమ్మ గొడవ. ఆ గొడవ పడినా ఫలితం దక్కలేదు. గొంతు తేటపడింది గానీ మృదంగం తొప్పి, అదే ఎడమవైపు బేసు పలికే మొహం, దాని మోత పలచబడిపోయింది. కాగితం మీద లెక్క వేస్తే అర్థమైంది. వెనక్కి వెళ్లిన అల గోడకి తగిలి వచ్చేసరికి రెండు మీటర్లు ఎక్కువ నడుస్తుంది. 86 హెర్ట్జ్ దగ్గర అది సరిగ్గా సగం అల, ముందుకొచ్చే దానికి ఎదురు తిరిగి చంపేస్తుంది.

దానికి తోడు నా కుర్చీ గది నట్టనడుమ ఉండేది. పన్నెండడుగుల గదిలో 47 హెర్ట్జ్ అల రెండు గోడల దగ్గరా గట్టిగా ఉండి, నడుమ ఖాళీ అవుతుంది. నేను ఆ ఖాళీలో కూచుని, బేసు లేదని స్పీకర్‌ని తిట్టేవాణ్ణి. కుర్చీ వెనక గోడకి ఆనిస్తే మళ్లీ హోరు. మా గదికి ఇంకో శాపం, వెడల్పూ ఎత్తూ ఒకటే. రెండిటి లెక్కా 56 హెర్ట్జ్ దగ్గరే పడి ఆ ఒక్క స్వరం ఉబ్బుతుంది. కట్టించినప్పుడు తాతయ్య వాస్తు చూశాడు గానీ ఇది చూడలేదు.

విదేశీ సలహాలు ఇక్కడికి ఉన్నవున్నట్టు ఎందుకు పనికిరావో కూడా అప్పుడే తెలిసింది. అమెరికా లాంటి చోట్ల ఇళ్ల గోడలు చాలావరకు చెక్క చట్రానికి కొట్టిన జిప్సం రేకులు. అవి కాస్త ఊగి బేసుని కొంత మింగేస్తాయి. మన ఇటుక గోడ ఏమీ మింగదు, మొత్తం తిప్పి కొడుతుంది. బూరుగుదూది పరుపు మూలన నిలబెట్టి చూశాను. మాటలో గణగణ తగ్గింది, కింది హోరు అలాగే ఉంది. దానికి మందు కుర్చీ జరపడమే. ఆ, ఇంకోటి, కిటికీలు తెరవడం. కిటికీలోంచి పోయిన బేసు మరి తిరిగి రాదు. మా పక్కింటివాళ్లకి ఈ పద్ధతి నచ్చలేదు.

చివరికి కుదిరింది ఇదీ. పెట్టెలు గోడకి జానెడు దూరం, రెండిటి మధ్య ఆరడుగులు, మొహాలు నా వైపు కాస్త తిప్పి. కుర్చీ వెనక గోడకి నాలుగడుగులు ముందుకి. వెనక గొట్టంలో బిగించి చుట్టిన పాత మేజోళ్లు. గొట్టం మూస్తే, స్వరం కిందికి వెళ్లేకొద్దీ బేసు కాస్త ముందుగానే తగ్గడం మొదలవుతుంది, కానీ మెల్లగా తగ్గుతుంది. గోడ దగ్గర ఉంది కనక తగ్గిందాన్ని గోడే భర్తీ చేస్తుంది. మేజోళ్లు కుక్కడానికి మొదటి కారణం మాత్రం ఇదేమీ కాదు, బల్లి. ఒక వానాకాలం ఎడమ పెట్టెలో కాపురం పెట్టింది.

సరిగ్గా కుదిరిందో లేదో చూడ్డానికి నేను వాడేది ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పాత వయొలిన్ రికార్డులు. ఆయన పనిచేసిన మహారాజా సంగీత కళాశాల మా ఊళ్లోనే ఉందన్న అభిమానం ఒకటి, అవి మోనో కావడం రెండోది. రెండు పెట్టెల్లోనూ ఒకే శబ్దం కనక వయొలిన్ నట్టనడుమ, ఏ పెట్టే లేని చోట నిలబడాలి. మాకు చాన్నాళ్లు కుడివైపుకి ఒరిగేది. కుడివైపు ఇనప బీరువా, ఎడమవైపు తెరిచిన తలుపు మరి. బీరువాని పడగ్గదిలోకి మార్చాక నిలబడింది. ఫలానా స్వరానికల్లా జిర్రుమనే రొద కూడా దాంతోనే పోయింది. ఊఫర్ పాడైందని ఎంత టెన్షన్ పడ్డానో!

పెట్టెల తయారీకి వంక పెట్టను. వేలి కణుపుతో కొడితే మొద్దుగా పలుకుతాయి, పలకాల్సిందీ అలాగే. బొబ్బిలి వీణకి పనస దుంగ తొలిచేది అది మోగాలని. స్పీకర్ పెట్టె మోగిందా, ప్రతి పాటకీ తన పాట కలుపుతుంది. ఊఫర్ అంచు రబ్బరు, మన సముద్రపు గాలి తేమకి ఇంతవరకు చెక్కుచెదరలేదు. ఇంతకు ముందున్న పెట్టెల ఫోము అంచు పొడిపొడిగా రాలిపోయింది. లోపం ఉన్నది చెక్కలో. 2021 సెప్టెంబరులో గులాబ్ తుఫానుకి కిటికీలోంచి జల్లు కొట్టి, కుడి పెట్టె అడుగున ఎండీఎఫ్, అదే చెక్కపీచుని జిగురుతో నొక్కి చేసిన పలక, పావంగుళం ఉబ్బింది. అది మళ్లీ మామూలు కాలేదు, కింద రబ్బరు బిళ్లలు పెట్టి నెట్టుకొస్తున్నాను. ఇంకో సంగతి, ఫ్యాను అయిదులో తిరుగుతుంటే వీణ మీటు వణుకుతుంది. ఎండాకాలం చెమటా, సంగీతమూ, రెండిట్లో ఒకటి ఎంచుకోవాలి.

స్టాండ్ల కాళ్లకి టైల్స్ మీద ఎర్ర టేపు అంటించి ఉంది. ఇల్లు తుడిచేటప్పుడు జరిపినా మళ్లీ గీతల్లోనే పెట్టాలని అమ్మకి చెప్పాను. మొన్న ఎడమది నాలుగు వేళ్లు ముందుకొచ్చింది. నేను చెప్పకముందే అమ్మే వంటింట్లోంచి అంది, "ఒరే, ఫిడేలు పక్కకెళ్లిపోయినట్టుంది, చూడు" అని.