బ్లూవాలెట్: ఫోను పోయినా బిట్‌కాయిన్ నిలిచింది

మా తమ్ముడి ఫోను పోయినప్పుడు వాడి బిట్‌కాయిన్‌ను నా ఫోనులోకి తెచ్చింది బ్లూవాలెట్ అనే బిట్‌కాయిన్ వాలెట్ యాపే. యాప్ దించుకుని, ఇంపోర్ట్ ఎంచుకుని, వాడు వాలెట్ సృష్టించినప్పుడు వచ్చిన, కాగితం మీద రాసి దాచుకున్న 12 ఆంగ్ల పదాలను అదే వరుసలో కొట్టాం. కాసేపటికే నిల్వ మొత్తం కనిపించింది. నాణేల లెక్క ఉండేది బ్లాక్‌చెయిన్ అనే ఉమ్మడి ఖాతా పుస్తకంలో. ఫోనులో ఉండేది వాటిని ఖర్చు చేయనిచ్చే డిజిటల్ తాళంచెవి మాత్రమే. అది ఈ పదాల నుంచే పుడుతుంది. 2013 నాటి బిప్-39 ప్రమాణం ప్రకారం 2048 పదాల జాబితా నుంచి వచ్చే పదాలివి. రేపు ఈ యాప్ మూతపడినా, ఆ ప్రమాణాన్ని పాటించే మరో వాలెట్‌లో తెరుచుకోవచ్చు.

అయితే అక్కడితో ఆగకండి. పోయిన ఫోనులోనూ అదే తాళంచెవి ఉంటుంది కదా! మేం వెంటనే కొత్త పదాలతో ఇంకో వాలెట్ సృష్టించి, ఉన్నదంతా దానికి పంపేశాం.

యాప్ ఫోనులో దాచే డేటాను పాస్‌వర్డ్‌తో గుప్తీకరించే సదుపాయం ఉంది కానీ, సెట్టింగ్స్‌లోకి వెళ్లి మనమే పెట్టుకోవాలి. తప్పకుండా పెట్టుకోండి. ఎవరైనా బెదిరించి తెరిపిస్తే చూపడానికి, వేరే పాస్‌వర్డ్‌తో తెరుచుకునే ఉత్తుత్తి వాలెట్ కూడా ఏర్పాటు చేసుకోవచ్చు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. ఒక్కటే లోటు: లావాదేవీల పక్కన రాసుకున్న వివరాలు ఆ పదాలతో తిరిగి రావు.