లీట్‌కోడా, సొంత ప్రాజెక్టా, ఓపెన్ సోర్సా: బీటెక్ ముగిసేలోగా ఏది మేలు?

సీఎస్‌ఈ విద్యార్థికి ల్యాబులు, రికార్డులు, మిడ్ పరీక్షలు పోగా మిగిలే సమయం కొంచెమే. దాన్ని లీట్‌కోడ్, కోడ్‌చెఫ్ వంటి కోడింగ్ సాధన సైట్లలో ప్రాబ్లమ్‌లకు వెచ్చించాలా, సొంత ప్రాజెక్టుకా, ఎవరైనా చూసి మార్పులు సూచించగల ఉమ్మడి సాఫ్ట్‌వేర్ అయిన ఓపెన్ సోర్సుకా అన్నది మూడో సంవత్సరానికి ముందే తేల్చుకోవడం మంచిది.

క్యాంపస్ నియామకాల్లో తొలి వడపోత సాధారణంగా ఆన్‌లైన్ పరీక్షే కనుక, ఆ దశలో మన కోడ్‌ను ఉంచే గిట్‌హబ్ ఖాతాను తెరిచి చూసేవారు ఉండరు. హ్యాష్ మ్యాపులు, ట్రీలు, గ్రాఫులు, డైనమిక్ ప్రోగ్రామింగ్ వంటి డేటా అమరికలు, పరిష్కార పద్ధతులు చేతికి అలవాటు కానివారు అక్కడే ఆగిపోతారు. ఈ ఒక్క విషయంలో ప్రాబ్లమ్‌ల సాధనకు సాటి లేదు. అయితే అక్కడ ఇన్‌పుట్ హద్దులు ముందే చెబుతారు. సరైన జవాబూ ఆ సైటు దగ్గరే ఉంటుంది.

సొంత ప్రాజెక్టులో ఆ సౌకర్యం ఉండదు. స్ట్రింగ్‌ను, అంటే అక్షరాల వరుసను, తిరగేయడం పైథాన్‌లో ఒక్క వరుస పని. అదే తెలుగు పదాలతో ఒక ఆట తయారుచేయబోతే, కంటికి ఒకే అక్షరంగా కనిపించే ‘శ్రీ’ కంప్యూటర్లలో అక్షరాలకు సంకేతాలిచ్చే ప్రమాణమైన యూనికోడ్‌లో శ, పొల్లు, ర, గుడిదీర్ఘం అనే నాలుగు సంకేతాలనీ, పైథాన్ దాని పొడవును 4గా లెక్కిస్తుందనీ, గుడ్డిగా తిరగేస్తే గుడిదీర్ఘం ముందుకొచ్చి అక్షరమే విరిగిపోతుందనీ తెలుస్తుంది. ఇంకా తవ్వితే, 2023లో వెలువడిన 15.1 వెర్షన్‌కు ముందు యూనికోడ్ నియమాలే ‘శ్రీ’ని రెండు ముక్కలుగా విడగొట్టేవనీ, పాత లైబ్రరీలు వాడితే ఆట తప్పు లెక్క చూపుతుందనీ బయటపడుతుంది. ‘ఈ ప్రాజెక్టులో మీకు ఎదురైన చిక్కేమిటి’ అని ఇంటర్వ్యూలో అడిగినప్పుడు, ఈ విద్యార్థి పది నిమిషాలు తడబడకుండా మాట్లాడగలడు. డబ్బిచ్చి కొన్న ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకూ, వీడియో చూసి దించిన టూడూ (పనుల జాబితా) యాప్‌కూ ఆ జవాబు ఉండదు.

ఓపెన్ సోర్సులో దక్కే లాభం వేరు: అనుభవజ్ఞులు మన కోడ్‌ను చదివి తప్పులు చెబుతారు. కాకపోతే సమీక్షకు వారాలు పట్టవచ్చు. పేరు కోసం చేస్తే అభాసుపాలవడమూ ఉంది; ఓపెన్ సోర్సుకు మార్పులు పంపినవారికి టీషర్టు ఇచ్చే హ్యాక్టోబర్‌ఫెస్ట్‌లో, 2020లో, ఆ టీషర్టు కోసం రీడ్‌మీ (ప్రాజెక్టు పరిచయ) ఫైళ్లలో ఒకటి రెండు పదాలు మార్చి పంపినవారి తాకిడికి, సమ్మతించిన ప్రాజెక్టులకే దాన్ని పరిమితం చేయవలసి వచ్చింది. ఓపెన్ సోర్సు ప్రాజెక్టుల్లో కొత్తవారితో పనిచేయించే, 2005లో మొదలైన గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ కూడా 2022 నుంచి విద్యార్థులు కానివారికీ అవకాశమిస్తోంది కనుక, డిగ్రీ లోపే చేరాలన్న తొందర అక్కరలేదు.

నా మొగ్గు ప్రాజెక్టు వైపే. రెండో సంవత్సరం నుంచి రోజుకొక ప్రాబ్లమ్ పరీక్ష గట్టెక్కడానికి చాలు. మిగిలిన సమయమంతా ఇంట్లోవారో స్నేహితులో నిజంగా వాడే ఒకే ఒక్క ప్రాజెక్టుకు ఇవ్వాలి. ఆ కోడ్‌ను మొదటి రోజు నుంచే, ప్రతి మార్పునూ తేదీతో ‘కమిట్’గా నమోదు చేసే గిట్‌లో ఉంచాలి. నెలల తరబడి పెరిగిన పని ఏదో, ఒక్క రాత్రిలో ఎక్కించిన ఫోల్డర్ ఏదో కమిట్ తేదీలు చూసినవారికి ఇట్టే తెలిసిపోతుంది.