మూడేళ్లు పనివాళ్ల ట్రైనింగ్ యాప్ వాడాక నా మాట (గుంటూరు, మిర్చి కోల్డ్ స్టోరేజీ)

3 స్టార్లు ఇస్తున్నా, పేరు మాత్రం చెప్పను, ఎందుకంటే సగం తప్పు మాదే. డెమోలో బ్యాడ్జీలు, రంగురంగుల గ్రాఫులు చూసి మా ఓనర్ గారు అక్కడికక్కడే సరే అనేశారు. మా దగ్గర ఎవరికి ఏం వచ్చు, ఏం రాదు అని అప్పుడు ఎవరూ అడగలా, మేమూ చూసుకోలా.

యాప్ చెడ్డదేం కాదు, వీడియోలు ఆగకుండా ఆడతాయి. కానీ బిల్లేమో మనిషికి నెలకి ఇంతని, మాకేమో జనం ఉండేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, మిగతా నెలలు ఖాళీ లాగిన్లకి డబ్బులు కట్టాం. ఛాంబర్లో సిగ్నల్ రాదు, ఆఫ్‌లైన్ లేదు, హమాలీల్లో చాలామందివి కీప్యాడ్ ఫోన్లు.

రెండో ఏడు లాట్ నంబర్లు తెగ తప్పుపోయాయి, ఒక రైతు సరుకు ఇంకో రైతు పేరు మీదకి ఎక్కేది, పెద్ద గొడవ. డేటా ఎంట్రీ కోర్సు మళ్లీ చేయించాం, అందరికీ 90 పైనే మార్కులు, తప్పులు మాత్రం అట్టానే ఉన్నాయి. విసుగొచ్చి ఒకరోజు సాయంత్రం కాటా పక్కన నేనే కుర్చీ వేసుకుని తుమ్ముకుంటా కూర్చున్నా. గుమాస్తా ఒక టిక్కీ (మిర్చి బస్తా) చూపించి "ఇది ఒకటో ఏడో మీరే చెప్పండి సార్" అన్నాడు. లాట్ నంబరు సుద్దతో రాశారు, ఎర్ర దుమ్ము పట్టి సగం చెరిగిపోయింది, పైన గుడ్డి బల్బు. మార్కర్లు, ట్యూబులైటు కొన్నాం. అంతే, గొడవలు తగ్గిపోయాయి.

ఇక అప్పుడు ఒక్కొక్కళ్ల పని దగ్గర నిలబడి చూశా. ఛాంబర్లని చల్లబరిచే అమ్మోనియా గ్యాస్ లీకైతే ఎటు పోవాలో ప్లాంట్ ఆపరేటర్లకి తెలుసు, లోడింగ్ వాళ్లకి తెలీదు. గాలి వచ్చే వైపుకి వెళ్లాలి, ముక్కుకి తడిగుడ్డ పెట్టుకోవాలి, ఇవి యాప్‌లో చూస్తే రావు కదా, మనుషుల్ని నడిపించి చూపించాలి. చివరికి ఆన్‌లైన్‌కి మిగిలింది స్టాక్ ఎంట్రీ, తేమ మీటరు వాడకం, రెండే.

వాటికి మూడిల్ పెట్టుకున్నాం, ఆన్‌లైన్ పాఠాలు పెట్టుకోడానికి 2002 నుంచి ఉన్న ఫ్రీ సాఫ్ట్‌వేర్, ఫోన్లోకి పాఠం దించుకుని సిగ్నల్ లేకపోయినా చూడొచ్చు. అదీ పూర్తి ఫ్రీ అనుకోకండి, సర్వర్ ఖర్చుంటుంది, అప్‌డేట్లు చూసే కుర్రాడొకడు కావాలి.

పాత కంపెనీ నుంచి నిన్న రెన్యువల్ ఫోన్ వచ్చింది. సీజన్లో ఒక పూట మా గేటు దగ్గర కూర్చోండి, డెమో తర్వాత చూద్దాం అన్నా. రేపు చేస్తా సార్ అని పెట్టేశాడు.