వంశధార మీద ఒక పూట

ముందు లాడ్జి సంగతి చెప్తే గానీ నా కడుపుమంట చల్లారదు. శ్రీకాకుళంలో గదికి 1,600 రూపాయలు ఆన్‌లైన్‌లో ముందే కట్టి వెళ్లాం. మా బావమరిది భుజాన ఉన్న కయాక్ సంచి చూసి కౌంటర్‌లో మనిషి ఇంకో 300 అడిగాడు. కయాక్ అంటే తెడ్లతో నడుపుకునే చిన్న పడవ. గాలి తీసి మడతపెట్టినది అది, పెద్ద సూట్‌కేసంత ఉంటుందంతే. "పడవలకి వేరే చార్జీ సార్" అన్నాడు. రసీదు ఇమ్మంటే లేదన్నాడు. రాత్రి పది దాటింది, వేరే చోటు వెతికే ఓపిక లేక ఇచ్చేశాం. పైకెళ్తే గీజరు పనిచేయదు. బావమరిది ఉలుకూ పలుకూ లేకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు. గది బుక్ చేసింది నేను కదా.

తెల్లారి 650 ఇచ్చి ఆటోలో శాలిహుండం. గిడుగు రామమూర్తి పంతులుగారు 1919లో గుర్తించిన బౌద్ధ స్తూపాలు కొండ మీద ఉన్నాయి. పడవ దింపే ముందు ఆ కొండ ఎక్కి తీరాలంటాను. వంశధార మొత్తం కళ్ల ముందుంటుంది, ఇసుక మేటలు ఎక్కడున్నాయో, లోతు పాయ ఎటు పోతోందో పైనుంచే చూసుకోవచ్చు.

సముద్రపు పోటు తీసే వేళ చూసుకుని నదిలోకి దిగాం. కయాక్‌లో కూర్చుంటే నీళ్లు నడుం పక్కనే ఉంటాయి. తెడ్డు ఎత్తినప్పుడల్లా చల్లటి చుక్కలు జారి తొడ మీద పడుతుంటాయి. మొదట్లో మా తెడ్లు రెండూ టకటకా కొట్టుకున్నాయి. ముందు కూర్చున్న బావమరిది "కుడి, ఎడమ" అని లెక్క పెట్టడం మొదలెట్టాడు. రాత్రి నుంచి వాడి నోట వచ్చిన మొదటి మాటలవే! లెక్క కుదిరాక పడవ ఎంత సాఫీగా పోయిందంటే, మేట మీద నిలబడ్డ కొంగ మేం పది అడుగుల దూరంలోకి వచ్చేదాకా కదల్లేదు. మోటారు బోటెక్కితే ఇది దొరకదు.

పదకొండు దాటాక సముద్రపు గాలి ఎదురు తిరిగింది. భుజాలు పట్టేశాయి. కళింగపట్నం దగ్గర పడుతుండగా వల సర్దుకుంటున్న ఒకాయన గట్టిగా కేకేశాడు: "ఏటి బాబూ, మొగ కాడికెళ్లకండి, అల తిప్పేస్తాది!" వెంటనే ఒడ్డుకి తిప్పేశాం. ఈ మాట ఎవరైనా వినాల్సిందే. నది సముద్రంలో కలిసేచోటికి కయాక్ తీసుకెళ్లొద్దు. లైఫ్ జాకెట్ లేకుండా అసలు దిగొద్దు, మావి ఒక్కోటి 1,100 పడ్డాయి.

ఆయన కయాక్‌ని తన వలల పక్కనే ఆరబెట్టుకోనిచ్చాడు. ఇంటికి తీసుకెళ్లి వేడన్నం, చింతపండు దట్టంగా వేసిన చేపల పులుసు పెట్టించాడు. బావమరిది మూడుసార్లు వడ్డించుకున్నాడు. 200 ఇవ్వబోతే ముట్టుకోలేదు. "మా గుంటడిని ఒక్కసారి తిప్పండి, చాల్లెండి" అన్నాడు. జాకెట్ తొడిగి ఒడ్డువారనే అటూ ఇటూ తిప్పాం. దించబోతే వాడు తెడ్డు వదల్లేదు.