పెనాల్టీ మిస్: సౌత్‌గేట్‌కు ఒకలా, సాకాకు ఇంకోలా

1996 యూరో (యూరప్ దేశాల ఫుట్‌బాల్ పోటీ) సెమీఫైనల్లో, లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో, జర్మనీ మీద పెనాల్టీ పోగొట్టింది ఇంగ్లండ్ ఆటగాడు గారెత్ సౌత్‌గేట్. తిట్లు పడ్డాయి, ఏళ్లతరబడి ఎగతాళి తప్పలేదు. అయినా ఆ మిస్ మీదే జోకేస్తూ పిజ్జా హట్ ప్రకటన తీస్తే, తలకు కాగితం సంచీ తొడుక్కుని ఆయనే నటించాడు. తర్వాత జాతీయ జట్టు కోచ్ కూడా అయ్యాడు.

ఆయన కోచ్‌గా ఉన్నప్పుడే, 2021లో, అదే వెంబ్లీలో యూరో ఫైనల్. ఇటలీ మీద ఇంగ్లండ్ ఆటగాళ్లు రాష్‌ఫర్డ్, సాంచో, సాకా తమ పెనాల్టీలను గోల్ చేయలేకపోయారు. ముగ్గురూ నల్లజాతివాళ్లే. సాకాకు అప్పుడు 19 ఏళ్లు. మ్యాచ్ అయిన వెంటనే వాళ్ల ఇన్‌స్టాగ్రామ్ నిండా కోతి ఎమోజీలు. నైజీరియాకు పొమ్మన్నవాళ్లూ ఉన్నారు (సాకా పుట్టింది లండన్‌లో!). పేద పిల్లల భోజనం కోసం 2020లో ప్రభుత్వం మెడలు వంచిన రాష్‌ఫర్డ్‌కు ఆ మంచిపేరు కూడా అక్కరకు రాలేదు.

1996లో సోషల్ మీడియా లేదు కదా అనొచ్చు. సరే, 2022 ప్రపంచకప్ క్వార్టర్‌ఫైనల్ చూడండి. ఫ్రాన్స్ మీద ఇంగ్లండ్ తెల్లజాతి ఆటగాడు హ్యారీ కేన్ పెనాల్టీని గోల్ బార్ పైనుంచి కొట్టాడు, జట్టు ఓడింది. విమర్శలొచ్చాయి. అవన్నీ అతని ఆట గురించే, చర్మం రంగు గురించి కాదు.