మంచు కాలంలో ట్రయథ్లాన్ సాధన: రోడ్డా, ట్రైనరా? కృష్ణా, కొలనా?

విజయవాడలో జనవరి తెల్లవారుజామున ఉండేది 17, 18 డిగ్రీలు. పరుగుకు ఏడాది మొత్తంలో ఇంత మంచి వేళ మళ్లీ దొరకదు. అయినా ఫిబ్రవరి, మార్చి పోటీలకు సిద్ధమయ్యేవాళ్ల సాధన తెగిపోయేది ఎక్కువగా డిసెంబరు, జనవరిలోనే. పొద్దున ఎనిమిదిదాకా విడవని మంచు, కొలనులో చల్లటి నీళ్లు, ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి జలుబు, ఆపైన సంక్రాంతి. వీటిని ముందే లెక్కలో వేసుకుని ఏ రోజు ఏది ఎంచుకోవాలో తేల్చుకుంటే చలికాలం మనకు లాభమే.

కింది లెక్కలు స్ప్రింట్ దూరానికి: 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు. ఒలింపిక్ దూరానికి (1.5, 40, 10) వెళ్లేవాళ్లు సమయాలను ఒకటిన్నర రెట్లు చేసుకోవచ్చు. పద్ధతి మారదు.

సైకిల్: రోడ్డా, ట్రైనరా?

ట్రైనర్ అంటే సైకిల్‌ను ఇంట్లోనే కదలకుండా నిలబెట్టి తొక్కనిచ్చే పరికరం. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. ఆకాశం తేటగా ఉండి గాలి కదలని రాత్రుల్లో నేల త్వరగా చల్లబడుతుంది. దాన్ని అంటిపెట్టుకున్న తడిగాలి పొగమంచుగా మారుతుంది. మనకు తడికి కొదవ లేదు. ఒకపక్క కృష్ణ, మధ్యలో ఏలూరు కాలువ, బందరు కాలువ, చుట్టూ వరి కోసి మినుము చల్లిన మాగాణి. అందుకే బెంజి సర్కిల్లో దారి బాగానే కనబడినా, వారధి దాటి ఉండవల్లి కరకట్ట ఎక్కేసరికి ముందున్న సైకిల్ మాయమవుతుంది. పొద్దు పొడిచాక మంచు వెంటనే విడదు. మొదటి ఎండకు గాలి కాస్త కదిలి కొన్ని రోజుల్లో ఇంకా చిక్కబడుతుంది కూడా. వెలుతురు వచ్చింది కదా అని ఆరున్నరకు బయల్దేరడం చాలామంది చేసే పొరపాటు.

ఎంత కనబడితే వెళ్లొచ్చు? లెక్క వేసి చూడండి. మీరు గంటకు 28 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నారు, వెనక లారీ 60తో వస్తోంది. తేడా 32, అంటే సెకనుకు దాదాపు 9 మీటర్లు. 30 మీటర్ల దూరంలో మీ లైటు కనబడితే డ్రైవరుకు మిగిలేది మూడు సెకన్ల పైచిలుకు. అందులో ఒకటిన్నర, రెండు సెకన్లు బ్రేకు మీదికి కాలు వెళ్లడానికే పోతాయి. కనీసం 150 మీటర్ల దూరంలోని కరెంటు స్తంభం స్పష్టంగా కనబడేదాకా హైవే ఎక్కకండి. వెనక రెండు ఎర్ర లైట్లు పెట్టుకోండి, ఒకటి ఆగకుండా వెలిగేది, ఒకటి మిణుకుమనేది. మిణుకుమనేది ఒక్కటే ఉంటే మంచులో అది ఎంత దూరంలో ఉందో డ్రైవరు అంచనా వేయలేడు.

మంచుతోపాటు డిసెంబరులో ఇంకొకటి ఉంది: రోడ్డు మీద ధాన్యం. కంకిపాడు, ఉయ్యూరు వైపు ఊళ్లలో కోతలయ్యాక సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు. అంచున రాళ్లు పేరుస్తారు, రాత్రి బరకాలు కప్పుతారు. రైతుకు వేరే దారి లేదు, జాగ్రత్తపడాల్సింది మనమే. 25 మిల్లీమీటర్ల టైరు వడ్ల మీదికెక్కితే ఇసుక మీద జారినట్టు జారుతుంది. తడి బరకం అంతకన్నా ప్రమాదం. ఎక్కక తప్పకపోతే హ్యాండిల్ తిప్పకండి, బ్రేకు నొక్కకండి, తొక్కడం ఆపి నేరుగా దాటండి. మంచుకు తడిసిన రోడ్డు మీద టైరు గాలి మామూలుకన్నా 5 నుంచి 8 పీఎస్ఐ తగ్గించుకుంటే పట్టు మెరుగ్గా ఉంటుంది. రిమ్ బ్రేకులైతే (చక్రం అంచును పట్టుకునేవి) మొదటి రెండు మూడు నొక్కులు నీళ్లు తుడవడానికే సరిపోతాయి కాబట్టి ముందునుంచే తేలిగ్గా నొక్కుతూ రావాలి.

ఇప్పుడు ట్రైనర్ సంగతి. ఇంట్లో తొక్కే గంటలో దిగుడు ఉండదు, సిగ్నల్ ఉండదు, కాళ్లు ఊరికే వదిలేసే క్షణం ఉండదు. అందుకే రోడ్డు మీద గంటంబావులో అయ్యే పని ఇక్కడ గంటలో అవుతుంది. పని రోజుల్లో ఇది చాలా పెద్ద లాభం. 10 నిమిషాలు వార్మప్, 12 నిమిషాల చొప్పున రెండు గట్టి విడతలు, మధ్యలో 5 నిమిషాల తేలిక, చివర 6 నిమిషాలు చల్లబరుచుకోవడం. మొత్తం 45 నిమిషాలు. గట్టి విడత అంటే ముక్కలు ముక్కలుగా తప్ప మాట్లాడలేని స్థాయి. పవర్ మీటరు (తొక్కే బలాన్ని వాట్లలో చూపేది) ఉంటే 20 నిమిషాలు శక్తికొద్దీ తొక్కి, వచ్చిన సగటును 0.95తో గుణించి, అందులో 88 నుంచి 92 శాతం దగ్గర తొక్కాలి. సగటు 200 వాట్లు వస్తే 190, దానిమీద 167 నుంచి 175.

ట్రైనర్లలో రెండు రకాలున్నాయి. వెనక చక్రాన్ని రోలరుకు ఆనించేది ధర తక్కువ, ఏ సైకిలైనా ఎక్కుతుంది. కానీ టైరు గాలి రోజూ ఒకే పీఎస్ఐ ఉండాలి, రోలరు బిగింపు కూడా టైరుకు తగిలాక రోజూ అన్నే చుట్లు తిప్పాలి. ఈ రెండూ మారితే నిన్నటి అంకెకు, ఇవాళ్టి అంకెకు పొంతన ఉండదు. మామూలు టైరు వేడెక్కి నల్లటి పొడి రాలుస్తుంది, పాత టైరు ఒకటి దానికి కేటాయించండి. చక్రం తీసేసి గొలుసును నేరుగా తగిలించేది చప్పుడు తక్కువ, అంకెలు నికరం, కానీ ఖరీదు రెండు మూడు రెట్లు. కొనేముందు మీ సైకిల్ గేర్ల సంఖ్యకు తగిన క్యాసెట్ (వెనక పళ్లచక్రాల గుత్తి) వస్తుందో లేదో, వెనక ఇరుసు క్విక్ రిలీజా (మీట తిప్పి వదులు చేసే సన్నటిది), 12 మిల్లీమీటర్ల త్రూ యాక్సిలా (ఫ్రేములోకి దూర్చి బిగించే లావుపాటిది) అనేది చూసుకోండి. ఇది చూడకుండా కొని అడాప్టర్ కోసం వారాల తరబడి ఎదురుచూసేవాళ్లున్నారు. మొదటిసారి పోటీకి వెళ్లేవాళ్లకు రోలరు రకం చాలు.

అపార్ట్‌మెంటులో అయితే కింద మందపాటి రబ్బరు చాప తప్పనిసరి. ఉదయం ఐదున్నరకు పైఅంతస్తు గుయ్యిమంటే కిందివాళ్లకు నిద్ర ఉండదు. ఎదురుగా పెడెస్టల్ ఫ్యాన్ పూర్తి వేగంతో పెట్టాలి. జనవరిలో ఎందుకని తీసేస్తే 15 నిమిషాల్లో గుండె వేగం మామూలుకన్నా నిమిషానికి 10 దాకా ఎక్కువైపోతుంది, కాళ్లలో సత్తువ ఉన్నా తొక్కలేరు. హ్యాండిల్ మీద, టాప్ ట్యూబ్ (సీటుకు, హ్యాండిల్‌కు మధ్య పై గొట్టం) మీద తువ్వాలు పరవండి. కారిన ఉప్పుచెమట హ్యాండిల్ తిరిగేచోట ఉండే హెడ్‌సెట్ బేరింగులను తినేస్తుంది. గంటకు 700 మిల్లీలీటర్ల నీళ్లు, అందులో చిటికెడు ఉప్పు. కదలని సైకిల్ మీద శరీరం ఒకేచోట ఆనుతుంది కాబట్టి పది నిమిషాలకోసారి సీటు మీంచి లేచి అరనిమిషం తొక్కాలి.

ట్రైనర్ నేర్పలేనివీ ఉన్నాయి: మలుపు తీసుకోవడం, వేగంలో సీసా తీసి తాగడం, వారధి మీద పక్కగాలికి సైకిల్ నిలబెట్టుకోవడం. ఇవి రాకుండా పోటీకి వెళ్తే మొదటి యూటర్న్‌లోనే తెలిసిపోతుంది. కాబట్టి మా తీర్పు ఇది. మంగళ, గురువారాలు ట్రైనర్. ఆదివారం ఎనిమిదిన్నర తర్వాత రోడ్డు, గంటన్నర నుంచి రెండు గంటలు. ఎనిమిదిన్నరకూ మంచు విడవకపోతే ఆ రోజు పరుగు చేసి, సైకిల్‌ను సాయంత్రానికో సోమవారానికో మార్చుకోండి. అమరావతి సీడ్ యాక్సెస్ రోడ్డు వెడల్పుగా ఉంటుంది, టిప్పర్లను మాత్రం కనిపెట్టుకుని ఉండాలి. కరకట్ట చూడ్డానికి బాగుంటుంది గానీ ఇరుకు, పైగా మంచు ముందు పట్టేదీ చివర విడిచేదీ అక్కడే. ఎత్తు ఎక్కడం కావాలంటే డెల్టాలో దొరకదు. విజయవాడవాళ్లు కొండపల్లి కోట దారి, గుంటూరువాళ్లు కొండవీడు ఘాట్ పట్టుకోవాలి, అదీ పదిహేను రోజులకోసారి.

ఈత: కృష్ణా, కొలనా?

ఇందులో మాకు రెండో మాట లేదు, కొలనే. నది పక్కనే ఉందని, పోటీ ఎలాగూ బయటి నీళ్లలోనే అని కొందరికి ఆశ పుడుతుంది. ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లు, రెండు చివర్లా కాలువలకు నీళ్లు లాగే తూములు. పైనుంచి చూస్తే చెరువులా కదలకుండా ఉన్నా, ఎగువన పులిచింతల నుంచి వదిలేదాన్ని బట్టి, గేట్లు ఎత్తేదాన్ని బట్టి లోపల లాగుడు మారిపోతుంది. గుర్రపుడెక్క తీగలు, ఇసుక తవ్విన గోతులు, పడవలు సరేసరి. మంచులో ఒడ్డు కనబడదు, ఒడ్డునున్నవాళ్లకు మీరూ కనబడరు. పడవ, రక్షకులు ఉండే ఏర్పాటుతో జరిగే కార్యక్రమమైతే తప్ప నదిలో సాధన వద్దు. కాలువల్లో అసలే వద్దు, అంచులు నిటారుగా ఉండి ఎక్కడానికి పట్టు దొరకదు.

కొలనుతో ఇబ్బంది చలి. మన ఊళ్లలో కొలనులు చాలావరకు నీళ్లు వేడి చేయనివే. విజయవాడలోని సర్ విజ్జీ మున్సిపల్ పూల్ లాంటిచోట చలికాలం వేళలు ముందే కనుక్కోండి. వీలైతే మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు మధ్య వెళ్లండి, పొద్దుటికన్నా నీళ్లు నయంగా ఉంటాయి. పొద్దునే తప్పకపోతే దిగేముందు ఐదు నిమిషాలు చేతులు తిప్పి, ముఖం, మెడ తడిపి, నెమ్మదిగా దిగాలి. ఒక్కసారి దూకితే ఊపిరి ఎగబీలుస్తుంది, మొదటి 100 మీటర్లు పాడవుతాయి. పిక్కలు పట్టేసేది ఎక్కువగా గోడను తన్నినప్పుడే, మొదటి 200 మీటర్లు మెల్లగా తోయండి. వెట్‌సూట్ (చలి ఆపే రబ్బరు ఈత దుస్తులు) కొనక్కర్లేదు. అంతర్జాతీయ సమాఖ్య వరల్డ్ ట్రయథ్లాన్ నిబంధనల ప్రకారం ఏజ్ గ్రూప్ వాళ్లకు (వయసు విభాగాల్లో పోటీపడే అమెచ్యూర్లకు) ఈ దూరంలో నీళ్లు 22 డిగ్రీలు దాటితే దాన్ని ఒప్పుకోరు, మన తీరాల్లో నీళ్లు సాధారణంగా అంతకన్నా వెచ్చగానే ఉంటాయి.

నది నేర్పేదాన్ని కొలనులోనే చాలావరకు తెచ్చుకోవచ్చు. ఆరు నుంచి ఎనిమిది బారలకోసారి మొసలిలా కళ్లు మాత్రం పైకి తేల్చి గోడ మీద ఒక గుర్తు చూడండి. తల మొత్తం ఎత్తితే నడుము మునిగి వేగం పోతుంది. కళ్లు మూసుకుని ఎనిమిది బారలు వేస్తే ఏ పక్కకు ఒరుగుతున్నారో తెలుస్తుంది. గోడ తాకకుండా రెండు మీటర్ల ముందే తిరిగి వచ్చేయడం, ముగ్గురు ఒకే లేనులో ఒకరినొకరు తగులుతూ ఈదడం కూడా వారానికోసారి చేయండి.

వేగం తెలియాలంటే 400 మీటర్లు, విశ్రాంతి తీసుకుని 200 మీటర్లు గట్టిగా ఈది, మొదటి సమయంలోంచి రెండోది తీసేసి సగం చేయండి. 400కి 9:20, 200కి 4:24 పడితే తేడా 4:56, అందులో సగం 2:28. వంద మీటర్లకు అదే మీ నిలకడ వేగం. ఆ వేగంతో 100 మీటర్లు ఎనిమిదిసార్లు, మధ్యలో 20 సెకన్ల విరామం. కొలను మూసేసిన వారం ఉంటే రబ్బరు తాడు కిటికీ ఊచకు కట్టి 20 లాగుడులు, ఐదు విడతలు చేయండి. ఈతకు అది సమానం కాదు గానీ భుజం సత్తువ జారిపోకుండా కాపాడుతుంది.

పరుగు: పొద్దునా, మధ్యాహ్నమా?

మామూలు పరుగులకు పొద్దుటివేళే. మంచు పట్టిన రోజున పొగ, దుమ్ము నేల దగ్గరే ఆగిపోతాయి, అలాంటప్పుడు ఏడున్నర దాటాక మొదలుపెట్టండి. గుంటూరులో కొత్త పంట రాక మొదలయ్యాక మిర్చి యార్డు పక్క రోడ్లు వదిలేయండి, ఆ ఘాటుకు దగ్గు పట్టుకుంటే రెండు రోజులు పోతాయి. ఎన్టీఆర్ స్టేడియం వైపు మేలు.

ఒక్క విషయంలో మధ్యాహ్నం గెలుస్తుంది. శరీరం ఎండకు అలవాటు పడటానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది, మానేస్తే కొన్ని వారాల్లోనే ఆ అలవాటు పోతుంది. చల్లటి పొద్దుల్లోనే సాధన చేసి మార్చిలో పది గంటల ఎండలో పరుగెత్తితే మూడో కిలోమీటరు దగ్గర కాళ్లు ఆగిపోతాయి. పోటీకి రెండు వారాల ముందు నుంచి రోజు విడిచి రోజు పదకొండు తర్వాత 30 నిమిషాలు మెల్లగా పరుగెత్తండి. ట్రైనర్ దిగిన వెంటనే బూట్లు మార్చుకుని 15 నిమిషాలు పరుగెత్తడం కూడా వారానికోసారి పెట్టుకోండి. ఇంట్లోంచే కాబట్టి ఇంతకన్నా సులువు లేదు.

అడ్డం వచ్చినప్పుడు: కొనసాగించాలా, ఆపాలా?

మెడకు పైన ఉంటే, అంటే ముక్కు కారడం, తుమ్ములు మాత్రమే అయితే, సగం సమయం, తేలిక వేగం. ఈత మానేయాలి. జ్వరం, ఒళ్లునొప్పులు, ఛాతీలో కఫం ఉంటే పూర్తిగా ఆపాలి. నిద్ర లేవగానే నాడి మీ మామూలుకన్నా 8, 10 ఎక్కువుంటే ఆ రోజు విశ్రాంతే. వానల తర్వాతి నెలల్లో వచ్చే ఏ జ్వరానికైనా డెంగీ కాదని తేలేదాకా ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ నొప్పి మాత్రలు వేసుకోకండి, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ప్లేట్‌లెట్లు మామూలుకు వచ్చినా నీరసం వారాలపాటు ఉంటుంది. డాక్టరు సరేనన్నాక ముందు నడకతోనే మొదలుపెట్టాలి.

మూడు రోజులు పోతే ఏమీ పోలేదు, మీ సాధన పట్టికలో ఆ రోజుది ఏముంటే అది చేయండి. వారం పోతే 70 శాతంతో, రెండు వారాలు దాటితే సగంతో మొదలుపెట్టండి. పోయిన సాధనను తర్వాతి వారంలో కలిపి తీర్చుకోవాలని చూస్తే మోకాలో పిక్కో పట్టుకుంటుంది. దిగువ కాలి ఎముక మీద వేలితో నొక్కితే ఒకేచోట చురుక్కుమంటే పరుగు వెంటనే ఆపి డాక్టరుకు చూపించండి. ఎముకలో సన్నటి చీలిక మొదట్లో ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు. చూపించేదాకా కాలికి బరువు పడని ఈతకే పరిమితం కావాలి.

సంక్రాంతిని మాత్రం ముందే పట్టికలో విశ్రాంతి వారంగా రాసుకోండి. అంతకుముందు వారం కాస్త ఎక్కువ చేసి, పండగ వారం మామూలులో 60 శాతం. భోగినాడు మంటల పొగ తగ్గాక 30 నిమిషాల పరుగు. గాలిపటాలు ఎగిరే మూడు రోజులూ సైకిల్ బయటికి తీయొద్దు, అడ్డంగా వేలాడే మాంజా వేగంలో కనబడదు, మెడ కోస్తుంది. కనుమనాడు కాకైనా కదలదంటారు, ఆ రోజు సెలవు. ముక్కనుమ సాయంత్రం ట్రైనర్ మీద 30 నిమిషాలు తేలిగ్గా తొక్కి, మర్నాడు కొలనుకు వెళ్లండి.